ఎల్లో ఫీవర్ టీకాకు ముందు: సూర్యారావుపేటలో ఒక ట్రావెల్ క్లినిక్

కంపాలాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళడానికి టికెట్లు తీసుకున్న తరువాతగానీ, దోమల ద్వారా పాకే వైరస్ జ్వరమైన ఎల్లో ఫీవర్‌కు టీకా వేయించుకున్నట్టు ధ్రువపత్రం లేనిదే ఉగాండాలో అడుగు పెట్టనివ్వరన్న సంగతి మా దంపతులకు తెలియలేదు. టికెట్లు ఇప్పించిన ఏజెంటు మాత్రం, ప్రయాణానికి రెండు రోజుల ముందు వేయించుకున్నా సరిపోతుందనీ, ఆ కాగితం పదేళ్ళు పనికి వస్తుందనీ తేలికగా చెప్పేశాడు. ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయని విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ట్రావెల్ క్లినిక్‌కు వెళ్ళినప్పుడు తెలిసింది. టీకా వేయించుకున్నాక పది రోజులు గడిస్తేనే ధ్రువపత్రం చెల్లుబాటవుతుంది. పదేళ్ళ గడువు 2016 జూలై 11తోనే పోయి, అది జీవితాంతం చెల్లేదిగా మారింది. మాకు అప్పటికి ఇరవై మూడు రోజుల వ్యవధి ఉండబట్టి సరిపోయింది.

ఆ క్లినిక్‌లో ఈ టీకా వేయరు. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలో మాత్రమే దీనిని వేసి ధ్రువపత్రం ఇవ్వాలన్న నిబంధన ఉన్నందున, తాము సలహా మాత్రమే ఇవ్వగలమని ఫోనులోనే స్పష్టంగా చెప్పారు. టీకా లేనిచోట ఫీజు ఎందుకు కట్టాలని మొదట నాకు అనిపించిన మాట నిజమే కానీ, డాక్టరు గారి ఎదుట కూర్చున్న అరగంటలో ఆ అభిప్రాయం మారింది.

ఈ టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్ కనుక, ఎవరికి వేయవచ్చో ఎవరికి వేయకూడదో ముందే తేల్చుకోవాలని ఆయన వివరించారు. క్యాన్సర్ చికిత్స, స్టెరాయిడ్ మందులు, థైమస్ గ్రంథి వ్యాధులు, ఈ మధ్య వేయించుకున్న ఇతర టీకాలు, ఇలా ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. దీనిని కోడిగుడ్డు పిండాలలో పెంచి తయారు చేస్తారు గనుక గుడ్డు పడుతుందా అని అడిగితే, మా ఆవిడ తాను గుడ్డు ముట్టనని గట్టిగా చెప్పింది. తినకపోవడం వేరు, పడకపోవడం వేరు అని ఆయన నవ్వి, "ఎప్పుడైనా కేకు తిన్నారా అమ్మా?" అని అడిగారు. మనవడి పుట్టినరోజులకు తింటూనే ఉందని తేలడంతో ఆ చిక్కు విడిపోయింది.

అసలు చర్చ నా గురించి జరిగింది. నాకు అరవై నాలుగేళ్ళు. అరవై దాటిన తరువాత మొదటిసారి ఈ టీకా వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు, అరుదుగానే అయినా, చిన్నవారిలోకంటే కాస్త ఎక్కువగా కనిపిస్తాయట. వైద్య కారణాలతో టీకా వేయకూడదనుకుంటే ఆ విషయం ధ్రువీకరించే పద్ధతి కూడా ఉందనీ, అయితే ఆ కాగితం విమానాశ్రయం దాటిస్తుందే తప్ప దోమకాటు నుంచి కాపాడదనీ చెప్పి, నేను వాడే రక్తపోటు మందుల వివరాలతో సహా అంతా రాసి ఇచ్చారు. తుది నిర్ణయం నాకూ, టీకా కేంద్రంలోని వైద్యాధికారికీ వదిలేయడం నాకు నచ్చింది. రెండు నెలలు అక్కడే ఉండబోతున్నందున నేను వేయించుకోవడానికే నిశ్చయించుకున్నాను.

ఇంతటి డాక్టరు గారికి తగినట్టుగా క్లినిక్ నిర్వహణ లేదు. ఉదయం పదింటికి సమయమిచ్చి పదకొండున్నరకు లోపలికి పిలిచారు. ధరల పట్టిక ఎక్కడా కనిపించలేదు. ఆయన అవసరం లేదన్న మరో టీకాను కౌంటరులోని సిబ్బంది బయటికి వచ్చాక మళ్ళీ అంటగట్టబోయారు. పైగా మా పేర్లను ఇంటిపేరు మొదటి అక్షరంతో కుదించి రాశారు. ధ్రువపత్రంలోని పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోవాలి కనుక, ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొట్టిగా రాసుకునే మనలాంటివారు ఇక్కడ జాగ్రత్త పడక తప్పదు.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో ఉన్నందున టీకా నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాము. పొడిలో ద్రావకం కలిపిన మందును కొద్ది గంటల్లోనే వాడేయాలి, ఒక్కో సీసాలో పలువురికి సరిపడే మందు ఉంటుంది. అందుచేత ఏ కేంద్రానికి వెళ్ళేవారైనా రోజునూ వేళనూ ముందే కనుక్కొని వెళ్ళడం మంచిది. చర్మం కింద అర మిల్లీలీటరు మందు, చేతికి ధ్రువపత్రంగా ఒక పసుపు పుస్తకం, అంతే. ఆరో రోజున మా ఆవిడకు కొద్దిగా జ్వరం, ఒళ్ళు నొప్పులు వచ్చి రెండు రోజుల్లో తగ్గాయి. అలా రావచ్చని ముందే విని ఉన్నందువల్ల మేము కంగారు పడలేదు.

ఈ టీకా మలేరియాను ఆపదని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. ఎల్లో ఫీవర్‌ను మోసే ఈడిస్ దోమ పగలు కుడుతుంది, మలేరియాను మోసే అనాఫిలిస్ రాత్రి కుడుతుంది. అందుకని మలేరియా మాత్రలు కూడా రాసిచ్చి, దోమతెర మానవద్దన్నారు. మూడు కాలువల మధ్య పెరిగిన బెజవాడవాళ్ళకు దోమల గురించి కొత్తగా చెప్పాలా అని అప్పుడు అనుకున్నాను. మన ఊళ్ళో డెంగీని మోసేది కూడా ఆ ఈడిస్ దోమేననీ, మన దేశంలో లేని ఎల్లో ఫీవర్ ఒకరి ఒంట్లో చేరి వస్తే ఇక్కడ పాకే వీలుందనీ, అందుకే ధ్రువపత్రం లేకుండా తిరిగివచ్చేవారిని ఆరు రోజులదాకా విడిగా ఉంచుతారనీ విన్నాక ఆ ధీమా తగ్గింది.

వచ్చే నెలలో మా వియ్యంకులు కంపాలా వెళుతున్నారు. వియ్యపురాలికి అరవై ఆరేళ్ళు. వారిని ఈ క్లినిక్‌కే వెళ్ళమన్నాను. టిఫిన్ చేసి, పాస్‌పోర్టులు పట్టుకొని, కౌంటరులో ఏది కొనమన్నా డాక్టరు గారిని అడిగి చెబుతామనమని కూడా చెప్పాను.