నట్‌తో నాలుగేళ్లు: సర్వరును పడుకోబెట్టడం ఒక ఎత్తు, లేపడం మరో ఎత్తు

పాలకొల్లులో మాది చిన్న అచ్చు పని. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు. పదహారేళ్లుగా కట్టిన పేజీమేకర్, కోరల్‌డ్రా ఫైళ్లన్నీ మేడ మీద గదిలోని ఒక పాత డెస్క్‌టాప్‌లో, డెబియన్ అనే లినక్స్ మీద, ఫైళ్లను నెట్‌వర్క్‌లో పంచే సాంబా అనే సాఫ్ట్‌వేరు ద్వారా కింది కంప్యూటర్లకు అందుతూ ఉంటాయి. మా సర్వరు అదే. మేడ మీద ఎందుకంటే, గట్టి వాన పడితే షాపులోకి చీలమండ లోతు నీళ్లు రావడం మా వీధిలో మామూలే. ఆ డెస్క్‌టాప్‌కు ఒక 600 వీఏ యూపీఎస్, ఆ యూపీఎస్‌ను కనిపెట్టుకుని ఉండే నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు 2021 చివరి నుంచి తోడుగా ఉన్నాయి. నట్ అంటే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్. దాన్ని ఎలా ఎక్కించాలో చెప్పే పాఠాలు కావలసినన్ని ఉన్నాయి కనుక ఆ జోలికి పోను. నేను రాయదలచినది ఒక్క సంగతి గురించే: కరెంటు పోయినప్పుడు సర్వరును మర్యాదగా ఆపే దాని గుణం మీద నాకు మొదట్లో ఎంత మోజు ఉండేదో, తర్వాత ఎంత కోపం వచ్చిందో, ఆ కోపంలో సగానికి పైగా నా మీదికే ఎందుకు తిప్పుకోవలసి వచ్చిందో.

మోజుకు కారణం ఉంది. ఆ యూపీఎస్ పెట్టెలో ఒక విండోస్ సీడీ తప్ప మరేమీ రాలేదు. యూఎస్‌బీ తీగ గుచ్చితే డెబియన్‌లో అది 0665:5161 అనే సంఖ్యతో, యూపీఎస్ అన్న మాటే లేకుండా, ఏదో సీరియల్ మార్పిడి పరికరంలా కనిపించింది. చవక యూపీఎస్‌లు చాలావాటిలో కనిపించే సంఖ్యే అది. నట్‌లో ఇలాంటి చవక యూపీఎస్‌లతో మాట్లాడే భాగమైన క్యూఎక్స్ డ్రైవరు మాత్రం దాన్ని ఒక్క నిమిషంలో గుర్తుపట్టి, లోపలికి వస్తున్న వోల్టేజీ ఎంతో, బ్యాటరీ వోల్టేజీ ఎంతో, కరెంటు ఉందో లేదో అక్షరాలతో సహా చూపించింది. ఆ నెలంతా నట్‌లోనే ఉన్న యూపీఎస్‌లాగ్‌తో వోల్టేజీ పట్టీ రాయించుకుని చదువుకునేవాణ్ణి. 230 ఉండవలసినది తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య 200 దరిదాపులకు దిగేది. చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గేదీ, ఏరేటర్లు గట్టిగా తిరిగేదీ ఆ వేళే కనుక రెండింటికీ ముడి ఉందని నా అనుమానం. సర్వరు గురించి వెతుకుతూ ఉంటే ఊరి సంగతులు కూడా తెలిశాయని అప్పట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఆ మురిపెం రెండో వేసవికి కొంత తగ్గింది. ఏ మార్పూ చేయకుండా వదిలేస్తే, కరెంటు లేదన్న కబురుతో పాటు బ్యాటరీ అడుగంటిందన్న కబురు కూడా యూపీఎస్ నుంచి వచ్చాకే నట్ సర్వరును ఆపడం మొదలుపెడుతుంది. ఆలోచన మంచిదే, కానీ అది కొత్త బ్యాటరీకి. మా మేడగది రేకుల కప్పు కింద ఉంది. ఆ ఉక్కలో రెండేళ్లు ఉడికిన 7 ఏహెచ్ బ్యాటరీ నిండుగా ఉన్నట్టే నటించి, భారం మీద పడగానే ఒక్కసారిగా కూలబడుతుంది. అడుగంటిందన్న కబురు వచ్చేసరికి పట్టుమని పది సెకన్లు కూడా మిగలలేదు. సర్వరు నడుస్తూ నడుస్తూనే పోయింది. డిస్కు మీద చేసే మార్పులను ముందే రాసిపెట్టుకునే ఫైల్‌సిస్టమ్ జర్నల్ పుణ్యమా అని డిస్కు బతికింది గానీ, అదే క్షణంలో కింద సేవ్ చేస్తున్న కోరల్‌డ్రా ఫైలొకటి తెరవడానికి రాకుండా పోయింది.

అందుకని నట్‌తో పాటే వచ్చే యూపీఎస్‌షెడ్‌ను వాడడం మొదలుపెట్టాను. కరెంటు పోగానే అది 180 సెకన్ల గడియారం నడుపుతుంది, ఆలోపు కరెంటు వస్తే రద్దు చేస్తుంది, రాకపోతే నేను రాసిపెట్టిన చిన్న స్క్రిప్టును పిలుస్తుంది. ఆ స్క్రిప్టులో నేను రాసింది ఒక్క ఆజ్ఞ, సర్వరును ఆపమని. బ్యాటరీ చెప్పే అబద్ధాలతో ఇక పని లేదు. కంప్యూటరు లేచేటప్పుడు అన్నిటికంటే ముందు నడిచే బయాస్‌లో, కరెంటు రాగానే సర్వరు దానంతట అదే లేచే అమరిక ముందే పెట్టి ఉంది. ఇంతకంటే ఏం కావాలని, నట్ పెట్టుకోండని భీమవరంలో ఉన్న స్నేహితుడికి కూడా నేనే సలహా ఇచ్చాను.

2024 మాఘమాసంలో మేనకోడలి పెళ్లికి ద్వారకా తిరుమల వెళ్లాం. మాఘమాసమంటే మాకు ఊపిరాడని కాలం, అయినా మేనమామను కనుక తప్పదు. మధ్యాహ్నం పంక్తిలో కూర్చుని పులిహోర వడ్డించుకున్నానో లేదో షాపులో కుర్రాడి ఫోను.

"గురువుగారూ, సర్వరు పలకట్లేదండి. ఇందాక కరెంటు పోయి వచ్చిందండి."

"వచ్చి ఎంతసేపయింది?"

"పావుగంట దాటిందండి. పోయింది కూడా ఎంతోసేపు కాదండి, మూడు నాలుగు నిమిషాలంతే."

"ఫైబర్ పెట్టె మీద దీపాలు వెలుగుతున్నాయా?"

"ఆయ్, అన్నీ వెలుగుతున్నాయండి. ఇంటర్నెట్టు కూడా వస్తోందండి."

మామూలు రోజైతే పైకెళ్లి బటన్ నొక్కమనేవాణ్ణి. ఆ గది తాళం చెవి నా జేబులో ఉంది. ఇక కింద కౌంటరు ముందు నిలబడి ఉన్నది ఒక పెళ్లివారి కుటుంబం. వాళ్ల శుభలేఖ ప్రూఫులో పెళ్లికొడుకు తాతగారి పేరుకు ముందు 'కీ.శే.' అని పడింది. పాత శుభలేఖ మీద పేర్లు మార్చి కొత్తది కట్టేటప్పుడు ఆ రెండక్షరాలు మిగిలిపోయాయి. తాతగారు నిక్షేపంలా ఉండడమే కాదు, ఆ ప్రూఫు చేత్తో పట్టుకుని స్వయంగా షాపుకు వచ్చారు. ఆయన కోపగించుకోలేదని, కుర్చీ తెప్పించుకుని కూర్చుని, "సరిదిద్దాకే లేస్తాను బాబూ" అన్నారని కుర్రాడు తర్వాత చెప్పాడు. సరిదిద్దవలసిన ఫైలు సర్వరులో ఉంది, ప్లేట్లు ఆ సాయంత్రమే వేయాలి. చివరికి తాళం పగలగొట్టమని చెప్పవలసి వచ్చింది. బటన్ నొక్కగానే సర్వరు లేచింది. ఫైలూ బాగుంది, తాతగారి పేరూ బాగుపడింది. నా పంక్తి భోజనం మాత్రం చల్లారిపోయింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి లాగ్ చదివితే కథ తేటతెల్లమైంది. కరెంటు పోయిన మూడు నిమిషాలకు నట్ చెప్పినట్టే స్క్రిప్టును పిలిచింది, సర్వరు ఆగడం మొదలుపెట్టింది. అన్ని సేవలూ ఆగి డిస్కులు విడిపోవడానికి మా సర్వరుకు నలభై సెకన్లు పడుతుంది, ఆ నలభై సెకన్ల మధ్యలోనే కరెంటు వచ్చేసింది. మొదలైన ఆగడాన్ని మధ్యలో ఆపలేము, అందువల్ల సర్వరు పూర్తిగా ఆగిపోయింది. యూపీఎస్ మాత్రం ఒక్క క్షణం కూడా ఆగకుండా దానికి కరెంటు అందిస్తూనే ఉంది. కరెంటు పోయి మళ్లీ వస్తేనే లేవమని బయాస్‌కు చెప్పాను. బయాస్ దృష్టిలో కరెంటు అసలు పోనేలేదు, ఇక అది ఎందుకు లేస్తుంది?

మరి అంతకు ముందు ఇన్ని నెలలు ఎలా గడిచింది? చిన్న కోతలకు గడియారం రద్దయ్యేది కనుక సర్వరు ఆగేదే కాదు. మరమ్మతుల కోసం పూటంతా తీసేసే పెద్ద కోతల్లో, సర్వరు ఆగిన తర్వాత కూడా అదే యూపీఎస్ మీదున్న ఫైబర్ పెట్టె, నెట్‌వర్క్ స్విచ్ కలిసి యూపీఎస్ బ్యాటరీని పూర్తిగా పీల్చేసేవి, యూపీఎస్ తానే చచ్చిపోయేది, కరెంటు రాగానే అన్నీ కలిసి లేచేవి. చిక్కంతా ఈ రెండింటి మధ్య కోతలతోనే. ఒకటి రెండుసార్లు అలాంటప్పుడు సర్వరు లేవకపోతే, నేనే పైకి వెళ్లి బటన్ నొక్కి, ఈ పాత బోర్డు మరచిపోయిందిలే అని వచ్చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రాత్రి నట్‌ను తిట్టుకున్న మాట నిజం. ఆపడం నేర్పిన వాళ్లు లేపడం గురించి ఆలోచించకుండా ఉంటారా అని మర్నాడు దాని మాన్యువల్‌ను నిదానంగా చదివితే, ఆలోచించారు, సర్వరు ఆగడానికీ కరెంటు తిరిగి రావడానికీ మధ్య జరిగే సరిగ్గా ఈ పోటీ గురించే హెచ్చరించారు. యూపీఎస్‌మాన్ అనే కాపలాదారు తన పద్ధతిలో ఆపితే, ముందుగా కిల్‌పవర్ అనే ఒక గుర్తు ఫైలు రాసిపెడుతుంది. సర్వరు ఆగే ఆఖరి ఘట్టంలో డెబియన్ ఆ గుర్తును చూసి, కొద్ది క్షణాల తర్వాత అవుట్‌పుట్ కట్టేసి, కరెంటు ఉంటే కాస్త ఆగి మళ్లీ ఇవ్వమని యూపీఎస్‌కే ఆజ్ఞ ఇస్తుంది. మధ్యలో కరెంటు వచ్చినా సరే, సర్వరు దృష్టిలో కరెంటు నిజంగానే పోయి వస్తుంది. నేను నా స్క్రిప్టులో సర్వరును నేరుగా ఆపమని రాశాను, యూపీఎస్‌మాన్‌ను పక్కకు తోసేశాను, కాబట్టి గుర్తు ఫైలు పడనేలేదు. రాయవలసింది యూపీఎస్‌మాన్‌కు మైనస్ సీ ఎఫ్‌ఎస్‌డీ (upsmon -c fsd) అన్న ఆజ్ఞ, అంటే నీ పద్ధతిలోనే ఇప్పుడే ఆపెయ్యమని. తేడా అంతా ఒక్క పంక్తి. 2023లో డెబియన్ 12కు మారినప్పుడు, నట్ 2.8.0లో మాస్టర్, స్లేవ్ అన్న మాటలు ప్రైమరీ, సెకండరీ అయ్యాయని నట్ అమరికల ఫైళ్లన్నీ ఒకసారి తిరగేశాను కూడా. పాత మాటలూ చెల్లుతాయని తెలిసి ఊరుకున్నాను గానీ, ఆ పంక్తి నా కంట పడలేదు.

పంక్తి ఆ వారమే మార్చినా, పెళ్లిళ్ల రోజుల్లో ప్లగ్గు పీకి పరీక్షించే ధైర్యం చాలలేదు. ఆ ఏడాది వేసవిలో మూఢం వచ్చి షాపు ఖాళీ అయ్యాక, ఒక ఆదివారం మేడగదిలో యూపీఎస్ ముందు కూర్చుని ప్లగ్గు పీకాను. పది సెకన్లకొకసారి కూత. మూడు నిమిషాలకు కింద డిస్కు గరగర మొదలైంది. అప్పుడు ప్లగ్గు మళ్లీ పెట్టాను. కూత ఆగింది. సర్వరు ఫ్యాను నెమ్మదించి నిలిచిపోయింది. గది అంత నిశ్శబ్దంగా ఉండడం అదే మొదటిసారి. పాత కథే మళ్లీ జరగబోతోందని అనుకుంటుండగా యూపీఎస్ లోపల టక్కుమని రిలే శబ్దం, దాని మీద పచ్చదీపం ఆరిపోయింది, ఫైబర్ పెట్టె దీపాలు కూడా ఆరిపోయాయి. డ్రైవరులో ఆన్‌డిలే అని ఉండే విరామం మూడు నిమిషాలకు ఉంది. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడు నిమిషాలు నిండాక మళ్లీ టక్కు, పచ్చదీపం, ఆ వెంటనే ఫ్యాను గిర్రుమంది. నా చెయ్యి దేని మీదా లేదు.

ఈ ఆనందంలో దాచకూడని సంగతులు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు కరెంటు పోయిన నాలుగో నిమిషానికి యూపీఎస్ మొత్తం ఆగిపోతుంది కనుక ఫైబర్ పెట్టె కూడా ఆగిపోతుంది. ఇంట్లో పిల్లలు ఊరుకోలేదు, దాన్ని ఇంటి ఇన్వర్టరు మీదికి మార్చవలసి వచ్చింది. దానికి బదులుగా దక్కిన లాభం, ప్రతి పెద్ద కోతకూ బ్యాటరీ అడుగంటా ఎండిపోవడం తప్పింది. ఇక, నా యూపీఎస్ ఆజ్ఞ విన్నదని అన్నీ వింటాయని కాదు. భీమవరం స్నేహితుడి యూపీఎస్ వేరే కంపెనీది, కరెంటు ఉన్నప్పుడు అవుట్‌పుట్ కట్టెయ్యమంటే అది పట్టించుకోదు. అతను నట్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటరు మీద పెట్టుకుని, దాన్నీ స్విచ్‌నూ ఇన్వర్టరు మీద ఉంచి, కరెంటు నిలకడగా వచ్చాక ఆగి ఉన్న కంప్యూటరును నెట్‌వర్క్ తీగ ద్వారానే లేపే వేక్ ఆన్ లాన్ అనే కబురు సర్వరుకు పంపిస్తున్నాడు. ఆలోచించి చూస్తే ద్వారకా తిరుమలలో ఉన్న నాడు నాకు ఉపయోగపడి ఉండేది కూడా అదే. ఇంటర్నెట్టు ఉంది, ఫైబర్ పెట్టె బతికే ఉంది, పంక్తిలో కూర్చునే ఫోనులోంచి లేపి ఉండేవాణ్ణి.

పాత ల్యాప్‌టాప్‌ను సర్వరుగా వాడుకునేవారికి దాని బ్యాటరీయే యూపీఎస్, వారికి ఇంత తతంగం అనవసరం. ఇంటి ఇన్వర్టరునే నమ్ముకున్నవారి దగ్గర, ఆ ఇన్వర్టరుకు కంప్యూటరుతో మాట్లాడే తీగ లేకపోతే నట్‌కు చేసేందుకు పని ఉండదు. నట్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకూడదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. మా ఫైళ్ల నకలు రోజూ రాత్రి రాజమండ్రిలో బావమరిది ఇంటికి పోతూనే ఉంటుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధికి సాయంత్రమే కరెంటు పోయింది. ఆ గాలికి మేడగది రేకులు ఎగురుతాయేమోనన్న బెంగలో సర్వరు గురించి తలచుకోనేలేదు. కరెంటు వచ్చాక ఎప్పుడు లేచిందో కూడా చూడలేదు. కుర్రాడు మామూలుగా వచ్చి, కంప్యూటరు తీసి పని మొదలుపెట్టాడు. తర్వాత లాగ్ చూస్తే, పోయిన మూడు నిమిషాలకు ఆగడం, వచ్చాక లేవడం, రెండూ వరుసగా ఉన్నాయి. నా యూపీఎస్‌తో, నా షాపు అవసరాలతో చూసుకుంటే నట్‌ను వదులుకునే ఉద్దేశం లేదు. కొత్తగా పెట్టుకునేవారు మాత్రం ప్లగ్గు పీకి, సర్వరు ఆగే మధ్యలో మళ్లీ గుచ్చి చూడకుండా పని పూర్తయిందని అనుకోవద్దు. ఇప్పుడున్న బ్యాటరీ కూడా పక్కలు కొద్దిగా ఉబ్బింది, పెళ్లిళ్లు మొదలయ్యేలోపు మార్చాలి. మేడగది తాళం చెవి ఇప్పుడు కౌంటరు డ్రాయరులో ఉంటోంది.