క్లబ్బా, ఫోనా, 20 సెకన్ల పందెమా: డిజైనర్‌కి మాట నేర్పేది ఏది?

పచ్చడి సీసాకి లేబుల్ వేశాను. మూడు వారాల పని. గుంటూరులో యజమాని ఎదురుగా ల్యాప్‌టాప్ తెరిచి, "ఇక్కడ ఎరుపు వాడానండీ, ఇక్కడ కొంచెం ఖాళీ వదిలానండీ" అని మొదలుపెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఆ ఖాళీలో ఇంకో రెండు మిరపకాయలు పడతాయి కదయ్యా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మిరపకాయలు పడ్డాయి. రెండు కాదు, నాలుగు.

ఆ దెబ్బకి మాట్లాడటం నేర్చుకోవాలనిపించి టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకి వెళ్లాను. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. హైదరాబాద్‌లో ఈ క్లబ్బులు చాలానే ఉన్నాయి. అక్కడ మనం మాట్లాడుతుంటే ఒకరు గడియారం చూస్తారు, ఇంకొకరు మనం "ఆఁ...", "అంటే..." అని ఎన్నిసార్లు నసిగామో లెక్కపెడతారు. 5 నుంచి 7 నిమిషాల ప్రసంగమైతే 5కి పచ్చ, 6కి పసుపు, 7కి ఎరుపు చూపిస్తారు. అయ్యాక ఒకరు లేచి ఎక్కడ బాగుందో, ఎక్కడ తడబడ్డామో చెబుతారు. మొదటి రోజు నా నసుగుళ్లు 23 అని చదివితే చెవులు వేడెక్కాయి. నాలుగు నెలలు తిరిగేసరికి కాళ్ల వణుకు మాత్రం పోయింది, అది ఒప్పుకోవాలి.

కానీ నేను వెళ్లిన చోట అంతా ఇంగ్లిష్. నా క్లయింట్లు తెలుగులో బేరమాడతారు. పైగా క్లబ్బులో అందరూ చప్పట్లు కొడతారు. "నచ్చలేదు, మళ్లీ చెయ్యి" అనేవాళ్లు అక్కడ ఎవరుంటారు?

పెచకుచ అనే స్లయిడ్ల పద్ధతి సంగతి వేరు. ఇది మనలాంటి వాళ్ల జబ్బు తెలిసినవాళ్లు కనిపెట్టిన మందు. 2003లో టోక్యోలో ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు మొదలుపెట్టారు. 20 స్లయిడ్లు, ఒక్కోదానికి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. స్లయిడ్ దానంతటదే మారిపోతుంది, మన కోసం ఆగదు. దీనికి ఏ సభా అక్కర్లేదు. పవర్‌పాయింట్‌లో టైమింగ్ పెట్టుకుని గదిలో ఒక్కరే చేసుకోవచ్చు. 20 సెకన్లలో నాకు మూడు వాక్యాలు పట్టాయి. ఫాంట్ ఎక్కడ దొరికింది, ఎన్ని రాత్రులు కూర్చున్నాను అనే సొద మొత్తం ఎగిరిపోయింది. సాగదీసేవాళ్లకి ఇంతకన్నా మంచి కత్తెర నేను చూడలేదు. అలాగని దీన్ని యథాతథంగా క్లయింట్ ముందు పెడితే మాత్రం కష్టమే. ఆయన ఒక స్లయిడ్ దగ్గర ఆగి టీ తాగుతాడు.

ఇక ఫోన్. పైసా ఖర్చు లేదు, చూసుకోవడానికి మాత్రం గుండె ధైర్యం కావాలి. నేను మాట్లాడేది పది నిమిషాలు వీడియో తీసి, ఒకసారి సౌండ్ ఆపి చూశాను: సగం సేపు వీపు క్లయింట్ వైపు, మొహం స్క్రీన్ వైపు. తర్వాత బొమ్మ చూడకుండా విన్నాను: ప్రతి వాక్యం చివర్లో గొంతు మింగేస్తున్నాను, అసలు కారణం చెప్పేదేమో అక్కడే! క్లబ్బులో ఎవరూ పట్టుకోని తప్పు ఇది. అందుకే ఎవరైనా అడిగితే ముందు ఫోనే అంటాను. భయమా, సాగదీతా, గొంతా, మీ ఇబ్బంది ఏదో తెలిశాక క్లబ్బు సంగతి ఆలోచించవచ్చు. డబ్బు కట్టే కోర్సుల జోలికి నేను పోలేదు, కాబట్టి వాటి గురించి తీర్పు చెప్పను.

ఈ మూడింటిలోనూ ఒక లోటుంది. ఏదీ మధ్యలో అడ్డు తగలదు. మన అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకాయన పనే అది. అవధాని పద్యం అల్లుతుంటే సంబంధం లేని ప్రశ్నతో ధ్యాస చెదరగొట్టడం, అప్రస్తుత ప్రసంగం. అలాంటి మనిషి నాకూ ఒకరు కావాలనిపించింది. కిరాణా కొట్టున్న మా బాబాయిని కూర్చోబెట్టాను.

"ఒరేయ్, ఇది పచ్చడి సీసానా, దగ్గు మందు సీసానా?"

మొదటిసారి రెండు నిమిషాలు వివరించాను. ఆయన ఆవులించాడు. ఐదోసారికి జవాబు ఇంతే మిగిలింది: "నీ కొట్లో ఈ సీసా పై అరలో ఉంటుంది బాబాయ్. కింద నుంచున్నవాడికి ఆవకాయ అనే మాట కనబడాలి. చుట్టూ ఖాళీ లేకపోతే మిరపకాయలే కనబడతాయి."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా" అన్నాడు.

మరుసటి నెల గోంగూర లేబుల్‌తో మళ్లీ గుంటూరు వెళ్లాను. ఈసారి ల్యాప్‌టాప్ తియ్యలేదు. ప్రింటు తీసిన లేబుల్ సీసాకి అంటించి, యజమాని గదిలో బీరువా మీద పెట్టి, గుమ్మం దగ్గరికి రమ్మన్నాను. ఆయన అక్కడి నుంచి చదివారు. మిరపకాయ అడిగారు, అడగకుండా ఉంటారా. ఒక్కటే పడింది.