రాప్టర్ 700ఆర్: సైలెన్సర్ కొనే ముందు షాకులు తిప్పి చూడండి

ఈ బండి మీద నాకున్న ఇష్టంలో ముప్పావు వంతు దాని షాక్ అబ్జార్బర్లకున్న చిన్న చిన్న స్క్రూల మీదే. యమహా రాప్టర్ 700ఆర్ అనే ఈ ఏటీవీ (ఇసుకలో, రాళ్లలో నడిపే నాలుగు చక్రాల బండి) కొన్నవాళ్లంతా ఇంజిన్ గురించే మాట్లాడతారు. తప్పులేదు, అంత పెద్ద సింగిల్ సిలిండర్ కింది ఆర్పీఎంలో ఇచ్చే లాగుడు మామూలుగా ఉండదు. కానీ కొత్త స్పోర్ట్ ఏటీవీ పర్ఫార్మెన్స్ పెంచాలంటే ముందు ఏం చేయాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఒక స్క్రూడ్రైవర్, కొలతకు ఒక టేపు, పక్కన సాయానికి ఒక మనిషి ఉంటే చాలు, బండి మారిపోతుంది.

స్పెసిఫికేషన్లు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. నేను ఎక్కడ నడుపుతానో మాత్రం చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయమంతా ఆ నేల మీదే ఆధారపడి ఉంది. ఉండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. ఎండాకాలం ఇక్కడ 43 డిగ్రీలు దాటడం రోజువారీ విషయం, కాబట్టి మా రైడింగంతా చలికాలంలోనే. ఎక్కువగా లేక్ ప్లెజెంట్‌కి పడమరనున్న బౌల్డర్స్ ఏరియాకి వెళ్తాం. రాళ్లు, ఎండిపోయిన ఇసుక వాగులు, వాటి నిండా వూప్స్. అంటే బండ్లు తిరిగి తిరిగి దారి మీద వరసగా తయారైన మోకాలెత్తు గుట్టలు. అప్పుడప్పుడు యూమా మీదుగా కాలిఫోర్నియాలోకి వెళ్లి గ్లామిస్ ఇసుక దిబ్బల్లో తిరుగుతాం.

మొదటి సీజన్‌లో నన్ను ఏడిపించింది ఆ వూప్సే. మొదటి రెండు మూడు గుట్టలు హాయిగా దాటేది. నాలుగో దాని నుంచి వెనకభాగం బిగుసుకుపోయి, అయిదారు దగ్గరికొచ్చేసరికి సీటు కింద నుంచి తన్నినట్టు ఎగిరి పక్కకు జరిగేది. స్పీడు తగ్గిస్తే తప్ప నిలబడదు. ఇంట్లో పిల్లలున్నవాణ్ణి, ఆ పక్కకు తన్నడం నాకు నిజంగానే టెన్షన్ పెట్టింది. అడిగినవాళ్లు తలా ఒకటి చెప్పారు. గట్టిగా ఉందంటే కంప్రెషన్, అంటే షాక్ లోపలికి నొక్కుకోకుండా ఆపే పట్టు, తగ్గించమన్నారు. తగ్గిస్తే వూప్స్‌లో తేడా రాలేదు సరికదా, చిన్న జంప్‌కే షాక్ చివరిదాకా నొక్కుకుపోయి కొట్టుకోవడం మొదలైంది. ఇంకొకరు హ్యాండిల్ కుదుపుల్ని ఆపే స్టీరింగ్ స్టెబిలైజర్ కొనమన్నారు. ఒక షాపులోనైతే షాకులే మార్చేయాలని ఒక ధర చెప్పారు. ఆ డబ్బుతో వాడేసిన బండి ఇంకోటి వస్తుంది.

విషయం బయటపెట్టింది మా బావమరిది ఫోను. వాగు ఒడ్డున నిలబడి స్లో మోషన్‌లో వీడియో తీశాడు. తర్వాత నీడలో కూర్చుని చూస్తుంటే వాడే అన్నాడు, "బావా, వెనక చక్రం చూడు, పైకి పోతోంది గానీ కిందికి రావట్లేదు." ఆపి ఆపి చూశాం. నిజమే. మొదటి గుట్టకు చక్రం పైకి వెళ్లి, పూర్తిగా దిగకముందే రెండో గుట్ట తగులుతోంది. రెండోదానికి ఇంకాస్త పైనే ఉండిపోయింది. అయిదో గుట్టకల్లా చక్రం దాదాపు ఫెండర్‌లోకి చేరిపోయింది, ఇక షాక్ ఆడటానికి చోటే లేదు. నాకు గట్టిగా అనిపించింది కంప్రెషన్ వల్ల కాదన్నమాట. రీబౌండ్, అంటే నొక్కుకున్న షాక్ తిరిగి సాగడం, మరీ నెమ్మదిగా ఉంది. ఊపిరి తీసుకోనివ్వకుండా మనిషిని మళ్లీ మళ్లీ పరుగెత్తిస్తే ఎలా ఉంటుందో షాక్ పరిస్థితి అలా ఉంది.

అక్కడికక్కడే రీబౌండ్ స్క్రూ, అంటే షాక్ అడుగున ఉండేది, ఎడమవైపుకు రెండు క్లిక్కులు తిప్పి మళ్లీ అదే వాగులోకి వెళ్లాను. తేడా తెలిసింది. ఇంకో రెండు తిప్పాను. అంతే, నెలల తరబడి నన్ను భయపెట్టిన ఆ వరస మీద బండి తేలిపోయింది. చక్రాలు కింద వాటి పని అవి చేసుకుంటున్నాయి, నడుము పైన కుదుపే లేదు. హెల్మెట్‌లో గట్టిగా అరిచాను. ఒక్క పైసా ఖర్చు లేకుండా, ఏ గుర్రపు శక్తీ పెరగకుండా, అదే దారిలో అంతకుముందు భయపడే స్పీడు దాటి ఒక గేరు పైన వెళ్లగలిగాను. ఇది పర్ఫార్మెన్స్ కాకపోతే మరేమిటి?

ఇంకా తిప్పితే ఏమవుతుందో కూడా చూశాం. రీబౌండ్ మరీ వేగమైతే జంప్ మీద వెనకభాగం తలకిందులు చేసేలా లేస్తుంది. కాబట్టి రెండేసి క్లిక్కులు, ఒకసారికి ఒక్క మార్పే, అదే దారిలో మళ్లీ మళ్లీ. మొదలుపెట్టే ముందు స్క్రూని కుడివైపు మెల్లగా చివరిదాకా తిప్పి ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి రాసుకోండి, ఎప్పుడైనా వెనక్కి రావచ్చు. కంప్రెషన్‌లో లో స్పీడ్, హై స్పీడ్ అని రెండుంటాయి. ఆ స్పీడు బండిది కాదు, షాక్ లోపలి రాడ్ కదిలే వేగం. మలుపులో బండి ఒరగడం, బ్రేక్ వేస్తే ముక్కు వంగడం మొదటిదాని కిందికి వస్తాయి. రాయి తగలడం, జంప్ దిగడం రెండోదాని కిందికి. ఇది తెలిసేదాకా నేను వాగుల్లో వేగంగా వెళ్తున్నానని హై స్పీడే తిప్పుతూ ఉండేవాణ్ణి.

వీటన్నిటికీ ముందు చూడాల్సింది సాగ్, అంటే మీ బరువుకు బండి ఎంత దిగుతుందో. వెనక చక్రాలు గాల్లో ఉండేలా బండిని లేపి ఒక కొలత, మీరు హెల్మెట్, బూట్లు, నీళ్ల బ్యాగుతో సహా ఎక్కి కూర్చున్నాక అదే చోట ఇంకో కొలత. ఆ తేడా చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం ప్రయాణంలో దాదాపు మూడో వంతు ఉండాలి. ఈ బండికి వెనక ప్రయాణం 256 మిల్లీమీటర్లు, కాబట్టి 85 దరిదాపుల్లో. ఎక్కువైతే స్ప్రింగ్ మీది రింగు బిగించాలి. అది సరిగ్గా లేకుండా క్లిక్కులు తిప్పడం వల్ల లాభం లేదు.

పైన "ఒక్క పైసా ఖర్చు లేకుండా" అన్నాను. అది మొదటి సీజన్ మాట. గేరుతో కలిపి నేను 95 కిలోల పైనే ఉంటాను. రింగు ఎంత బిగించినా నాకు కావలసిన సాగ్ రాలేదు, చివరికి వెనక గట్టి స్ప్రింగ్ వేయించాను. షాకుల్లో ఆయిల్ కూడా కాలంతో పల్చబడుతుంది. రెండో సీజన్ చివర్లో మధ్యాహ్నం దాటాక, షాకులు బాగా వేడెక్కాక, పొద్దున్న సెట్ చేసిన క్లిక్కులకు విలువ లేకుండా పోయింది. సర్వీసుకి ఇచ్చి ఆయిల్, సీళ్లు మార్పించి, నైట్రోజన్ నింపించాను. దానికి ఖర్చయింది. ఇంకొకటి, ఈ సర్దుబాట్లన్నీ ఆర్ మోడల్‌కే. మామూలు రాప్టర్ 700 తీసుకుంటే ప్రీలోడ్ (స్ప్రింగ్ ముందస్తు బిగింపు) తప్ప తిప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

మరి ఇంజిన్ సంగతి? మా బావమరిదిది కూడా ఇదే బండి. వాడు మొదట్లోనే సైలెన్సర్ మార్పించాడు, ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) మూత తీయించాడు. గాలి పెరిగింది గానీ ఇంధనం లెక్క పాతదే కాబట్టి థ్రాటిల్ వదిలినప్పుడల్లా టపాటపా పేలేది, ఇంజిన్ విపరీతంగా వేడెక్కేది. షాపువాళ్లు ముందే చెప్పాల్సిన మాట, ఇంధనం లెక్క మార్చే ఫ్యూయల్ కంట్రోలర్ పెట్టి మళ్లీ ట్యూన్ చేయించాలని, బిల్లు కట్టాక చెప్పారు. అది కూడా పెట్టించాక బండి నిజంగా బాగా లాగుతోంది, కాదనను. బౌల్డర్స్ వాగుల్లో మాత్రం నా వెనకే వస్తాడు. గ్లామిస్‌లో, ఓల్డ్స్‌మొబైల్ హిల్ మీద, నన్ను దాటి పోతాడు. అంత ఎత్తు ఇసుక గోడకు గుర్రపు శక్తే కావాలి, షాకులు ఏం చేస్తాయి? అక్కడ కూడా ఇద్దరికీ అసలు తేడా తెచ్చింది వెనక వేసుకున్న ప్యాడిల్ టైర్లే, అంటే ఇసుకను తోసే తెడ్డుల్లాంటి పట్టీలున్నవి. సైలెన్సర్ కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: కాలిఫోర్నియాలో శబ్దం 96 డెసిబెల్స్ దాటకూడదు, నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి.

నేను చేసిన ఇంజిన్ వైపు మార్పు ఒక్కటే, లాగుడు కోసం ముందు స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) 14 పళ్లది తీసి 13ది వేశాను. టాప్ స్పీడు దాదాపు 7 శాతం తగ్గుతుంది, వాగులో నాకు అంత స్పీడు ఎటూ అవసరం లేదు. టైర్ల గాలి కూడా చూసుకోండి. ఈ టైర్లకు ఉండేది నాలుగైదు పీఎస్ఐ మాత్రమే. కారు గేజ్‌తో అంత తక్కువ తెలియదు, తక్కువ ఒత్తిడికి వేరే గేజ్ దొరుకుతుంది, అది కొనండి. ఎడారి దుమ్ములో ఎయిర్‌బాక్స్ మూత తీయడం మాత్రం నాకు మనసొప్పదు. ఫోమ్ ఫిల్టర్‌ని ప్రతి రైడ్ తర్వాత కడిగి ఆయిల్ పట్టిస్తాను.

నాలాగా బరువు ఎక్కువై, ఎక్కువగా వూప్స్‌లో తిరిగేవాళ్లకు ఈ బండిని, ముఖ్యంగా ఆర్ మోడల్‌ని, సంతోషంగా చెబుతాను. 65, 70 కిలోలవాళ్లకు ఫ్యాక్టరీ స్ప్రింగే సరిపోవచ్చు, వాళ్లకు నా ఖర్చులు రావు. సీజనంతా గ్లామిస్‌లోనే ఉండేవాళ్లు మా బావమరిదిని అడగడం మంచిది. కొత్త బండి అయితే మొదటి 20 గంటలు ఎలాగూ మాన్యువల్ చెప్పినట్టు థ్రాటిల్ తగ్గించే నడపాలి. సాగ్ కొలుచుకోవడానికి, క్లిక్కులు రాసుకోవడానికి ఆ సమయం సరిగ్గా సరిపోతుంది.