ఇంట్లో నారుకు ప్రోట్రేలు: కొన్నేళ్లు వాడాక నా మాట

హనుమకొండలో మా డాబా మీది తోటకు ప్రోట్రేలలో, అంటే వరుసగా చిన్న గుంతలుండే ప్లాస్టిక్ ట్రేలలో, నారు పోసుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. టమాట, వంకాయ, మిర్చికి మస్తు పనికొస్తాయి. మిగతావాటికి డబ్బు దండుగ.

ఇంగ్లీషు వీడియోల్లో చలికాలం చివర ఇంట్లో గింజలు వేసేది మంచుకు భయపడి. మనకా గొడవ లేదు, భయమంతా ఎండకే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాట పూత రాలిపోతుంది. వరంగల్‌లో మార్చిలోనే ఆ ఎండ మొదలవుతుంది. అందుకే సంక్రాంతి వెళ్లేలోపు నారు పోసెయ్యాలి. అప్పటి రాత్రి చలికేమో బయట మిర్చి గింజ కదలదు, దానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. మొలక వచ్చేదాకా ఇంట్లో పెట్టేది ఇందుకే.

నర్సరీల్లో విత్తిన ట్రేలను ఒకదానిమీద ఒకటి పేర్చి పాలిథిన్ పట్టా కప్పుతారు. నేనూ అట్లనే కప్పి వంటింటి సజ్జ మీద పెడతాను. టమాట దాదాపు వారంలో లేస్తుంది, మిర్చికి ఇంకాస్త ఓపిక పట్టాలి. రోజూ పట్టా ఎత్తి చూడాల్సిందే. మొదటి మొలక వంగిన మెడతో కనబడగానే ట్రేలు దించి వెలుగులో పెట్టాలి. ఆలస్యమైతే కాడలు తెల్లగా దారాల్లా సాగుతాయి, ఇగ అవి నిలబడవు. కిటికీ వెలుగు సరిపోదు. నారుకని ఎల్‌ఈడీ లైట్లు కొనమనేవాళ్లున్నారు. ఓరుగల్లులో ఉండి వెలుగు కొనుక్కునుడేంది! బాల్కనీలో పొద్దుటి ఎండ, మధ్యాహ్నం షేడ్‌నెట్ నీడ చాలు.

98 గుంతల ట్రే రైతులకు సరే, ఇంటికి 50 గుంతలదే నయం. మట్టి ఎక్కువ పడుతుంది కాబట్టి ఒకపూట నీళ్లు పోయకున్నా నారు ఓర్చుకుంటుంది. పలుచటి ట్రేలు ఎండాకాలం డాబా మీద పడి ఉంటే అంచులు పెళుసెక్కి విరుగుతాయి.

నా అసలు ఫిర్యాదు ట్రేల్లో నింపే కోకోపీట్ (కొబ్బరిపొట్టు) ఇటుకల మీద. కొన్నిట్లో ఉప్పు ఎక్కువ, రెండు మూడుసార్లు కడిగి పిండనిదే వాడను. అందులో బలం ఉండదు కనుక వర్మీకంపోస్టు కలుపుతాను. తడి ఎంతుండాలో చెయ్యే చెబుతుంది: పిడికిట్లో పిండితే రెండు మూడు చుక్కలే రాలాలి. ధార కారిందంటే నారుకుళ్లు వచ్చినట్టే. మొక్క మొదలు నీరుపట్టినట్టు మెత్తబడి, నిన్న పచ్చగా ఉన్నది తెల్లారేసరికి ఒరిగిపోతుంది. మేలు చేసే బూజు ట్రైకోడెర్మా కాస్త కలిపితే ఆ బెడద తగ్గుతుంది.

ట్రేకు పెట్టిన డబ్బు వసూలయ్యేది నాటే రోజున. గంట ముందు తడిపి, అడుగు రంధ్రంలోంచి పుల్లతో నెడితే తెల్లటి వేళ్లు చుట్టుకున్న గడ్డ గుంత ఆకారంలోనే ఊడొస్తుంది. మడిలో పీకిన నారులాగా వాడిపోదు.

2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక వరంగల్ చపాటా మిర్చి నారు ఉందా అని మా చుట్టుపక్కలోళ్లు అడుగుతున్నారు. పండుమిర్చి గింజలు తీసి పోస్తే మొలక ఒక్కసారే రాదు. గుంతకు రెండు గింజలు వేసి, బక్కదాన్ని కత్తెరతో తీసేస్తాను. పీకితే రెండోదాని వేరు కూడా కదులుతుంది.

బెండ, చిక్కుడు నేరుగా కుండీలోనే వేసుకోండి. బీర, సోరకు తొందరైతే కాగితపు టీకప్పు చాలు. లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి నాటేముందు కప్పు కోసి తీసెయ్యాలి.