గెటిస్‌బర్గ్‌లో లాయర్ జనరల్ బార్లో వెంట

పెన్సిల్వేనియాలో 1863 నాటి అంతర్యుద్ధ పోరు జరిగిన గెటిస్‌బర్గ్ వెళ్లే మనవాళ్లు చాలామంది విజిటర్ సెంటర్‌లో సినిమా, సైక్లోరమా (యుద్ధాన్ని గుండ్రంగా చుట్టూ చూపించే పెద్ద చిత్రం) చూసి, లిటిల్ రౌండ్ టాప్ కొండ ఎక్కి ఫొటోలు దిగి, సాయంత్రానికి ఇంటిదారి పడతారు. ఊరికి ఉత్తరాన ఉన్న బార్లో నాల్ ఎవరికీ గుర్తురాదు. కారులో తిరిగేవాళ్ల కోసం పార్కువాళ్లు నంబర్లు వేసిన స్టాపుల్లో అది లేదు మరి. నేను వెళ్లింది మాత్రం ఆ గుట్ట కోసమే.

ఫ్రాన్సిస్ చానింగ్ బార్లో 1834లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో చదువు ముగించి న్యూయార్క్‌లో లాయర్‌గా ప్రాక్టీసు పెట్టాడు. మిలిటరీ చదువు లేదు. 1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం మొదలవగానే ఉత్తరాది (యూనియన్) సైన్యంలో మామూలు సిపాయిగా చేరిపోయాడు. అరబెల్లా గ్రిఫిత్‌ను పెళ్లి చేసుకున్న మర్నాడే రెజిమెంట్‌తో బయల్దేరాడు. ఏడాది తిరిగేసరికి 61వ న్యూయార్క్ రెజిమెంట్‌కు కల్నల్, 1862 సెప్టెంబర్‌కల్లా బ్రిగేడియర్ జనరల్. అప్పటికి అతనికి 27 ఏళ్లు. గడ్డం కూడా లేని ఆ కుర్రాడి నోటికి, క్రమశిక్షణకి సైనికులు హడలిపోయేవాళ్లు.

న్యూజెర్సీ నుంచి ఇంటర్‌స్టేట్ 78, తర్వాత 81 మీద హారిస్‌బర్గ్ దాకా వెళ్లి, అక్కడ రూట్ 15 పట్టుకోవాలి. మూడు గంటల పైనే పడుతుంది. మొదటి రాత్రి హైవే పక్క ఒక చెయిన్ హోటల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా ట్రక్కుల మోత. మర్నాడు ఊరి మధ్యలో ఒక పాత ఇటుక ఇంట్లో నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి మారిపోయాం. అద్దె ఎక్కువే, మెట్లు ఇరుకు, పెద్దవాళ్లకి కష్టం. అయినా నేను దానికే ఓటేస్తాను. 1863 జూలై 1 సాయంత్రం యూనియన్ సైనికులు వెనక్కి పరుగెత్తింది ఆ వీధుల్లోంచే. పొద్దున్నే జనం లేని వేళ నడిస్తే ఆ సందులు ఎంత ఇరుకో, అంతమంది ఒక్కసారి వచ్చిపడితే ఏమై ఉంటుందో కళ్లకి కడుతుంది.

ఖర్చుపెట్టాల్సింది గైడ్ మీద. 1915 నుంచీ ఇక్కడ పరీక్ష పాసై లైసెన్స్ తీసుకున్న గైడ్‌లు ఉన్నారు. మన కారే, స్టీరింగ్ వాళ్లు పట్టుకుంటారు, రెండు గంటలు తిప్పుతారు. ఏం చూడాలనుకుంటున్నారో బుకింగ్ అప్పుడే చెప్పండి. నేను బార్లో పేరు చెబితే మా గైడ్ ముఖం వెలిగిపోయింది. అంతకుముందు వేరే చోట బుక్ చేసిన బస్ టూర్ అయితే నిరాశే. స్పీకర్ గరగర, ఏ స్టాప్‌లోనూ నిలబడి చూసే టైమ్ ఇవ్వలేదు. యుద్ధభూమిలో తిరగడానికి టికెట్ లేదు. మ్యూజియం, సినిమా, సైక్లోరమాకే డబ్బు కట్టాలి. 377 అడుగుల పొడవున్న ఆ చుట్టు చిత్రం చూశాక డబ్బు దండగైందని ఎవరూ అనరు.

ఇక బార్లో నాల్. పేరుకే గుట్ట, పొలాల మధ్య కాస్త ఎత్తు అంతే. పైన 1922లో పెట్టిన బార్లో కంచు విగ్రహం, ఫిరంగులు, 17వ కనెక్టికట్ రెజిమెంట్ స్మారకం. వెనక కిందుగా ఒకప్పటి పేదల ఆశ్రమం తాలూకు పాత శ్మశానం. ఫిరంగి పక్కన నిలబడి ఉత్తరం వైపు చూస్తే విషయం అర్థమవుతుంది. రాక్ క్రీక్ వెంట చెట్లు అక్కడే ఉన్నాయి. శత్రువు ఆ చెట్ల మాటు దాకా వచ్చేస్తే గుట్ట మీదున్నవాళ్లకి దాక్కోవడానికి ఏమీ లేదు. జూలై 1న బార్లో తన డివిజన్‌ని మిగతా వరస కంటే ముందుకి తెచ్చి ఇక్కడ నిలబెట్టాడు. కుడి పక్క ఖాళీ. దక్షిణాది (కాన్ఫెడరేట్) జనరల్ ఎర్లీ డివిజన్ అటునుంచే విరుచుకుపడింది. బార్లో తూటాలు తగిలి పడిపోయాడు, కాన్ఫెడరేట్ సైన్యం చేతికి చిక్కాడు. అరబెల్లా నర్సుగా పనిచేస్తూ ఉండేది. కబురు విని శత్రువుల వరస దాటి వచ్చి అతన్ని బతికించుకుంది.

నాకు బాధ కలిగించింది వేరే ఉంది. తర్వాత రాసిన ఉత్తరాల్లో బార్లో ఓటమిని తన కింద ఉన్న, జర్మనీ నుంచి వలస వచ్చిన సైనికుల మీదికి తోసేశాడు. ఆ చోటు ఎంచుకున్నది తను. అక్కడ నిలబడి చూశాక ఆ నింద న్యాయం కాదని నేను గట్టిగా అంటాను.

అందుకే గెటిస్‌బర్గ్ ఒక్కటే చూసి బార్లోని అంచనా వేయకండి. గంట దూరంలో మేరీలాండ్‌లో యాంటీటమ్ ఉంది. 1862 సెప్టెంబర్ 17న ఒక్కరోజులో ఇరువైపులా కలిపి సుమారు 23,000 మంది చనిపోయిన, గాయపడిన, గల్లంతైన చోటు. అక్కడి బ్లడీ లేన్ అరిగి పల్లమైన బండిబాట. కాన్ఫెడరేట్లు దాన్నే కందకంగా వాడుకున్నారు. బార్లో రెండు రెజిమెంట్లతో ఆ బాట పొడవునా తూటాలు కురిపించగలిగే చోటు పట్టుకుని దాదాపు 300 మందిని బందీలుగా తీసుకున్నాడు. కాసేపటికే తీవ్రంగా గాయపడ్డాడు. బాట చివర రాతి టవర్ ఎక్కితే ఇదంతా ఒక్క చూపులో దొరుకుతుంది. గెటిస్‌బర్గ్‌లో ఉన్న హడావుడి, సావనీర్ షాపులు ఇక్కడ లేవు. రెండింట్లో ఒక్కటే చూడగలిగితే నేనైతే యాంటీటమ్‌కే వెళ్తాను.

లిటిల్ రౌండ్ టాప్ గురించి ఒక్క మాట. దాన్ని కాపాడిన స్ట్రాంగ్ విన్సెంట్ కూడా లాయరే, ఈరీ ఊరివాడు. జూలై 2న పై అధికారి ఆజ్ఞ కోసం ఆగకుండా తన బాధ్యత మీద బ్రిగేడ్‌ని కొండకి తెచ్చాడు. అక్కడే గాయపడి 7న చనిపోయాడు, 26 ఏళ్లకే. మరమ్మతుల తర్వాత 2024లో కొండని మళ్లీ తెరిచారు. దారులు ఇప్పుడు బాగున్నాయి.

బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. పక్కనే సోమర్‌విల్‌లోని పాత శ్మశానంలో అరబెల్లా సమాధి ఉంది. సైనికులకి సేవ చేస్తూ టైఫస్ సోకి 1864 జూలైలో పోయింది. బార్లో యుద్ధం ముగిశాక మేజర్ జనరల్ అయ్యాడు, మళ్లీ లా వైపు వచ్చి న్యూయార్క్ అటార్నీ జనరల్‌గా, నగర ఖజానా దోచుకున్న ట్వీడ్ ముఠా మీద కేసులు నడిపాడు. విన్‌స్లో హోమర్ 1866లో బందీల ఎదుట అతను నిలబడ్డట్టు వేసిన చిత్రం న్యూయార్క్ మెట్ మ్యూజియంలోది. వెళ్లేముందు ప్రదర్శనలో ఉందో లేదో వాళ్ల సైట్‌లో చూసుకోండి.

జూలై మొదటి వారంలో హోటళ్లు దొరకవు, ఎండ మాడ్చేస్తుంది. అక్టోబర్ హాయిగా ఉంటుంది. గడ్డిలో నడిచి వస్తే మాత్రం పిల్లల కాళ్లకి టిక్స్ (రక్తం పీల్చే పురుగులు) పట్టాయేమో తప్పకుండా చూడండి.