ఎల్క్ మాంసం మోత: ఎముకతోనా, ఎముక తీసేసా?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సెప్టెంబరు విల్లువేటకు ఒంటరిగా వెళ్తే వీపున మోయాల్సిన లెక్క ఇదీ: పెద్ద మగ ఎల్క్ (భారీ జింక జాతి జంతువు) వెనక తొడ ఒక్కటే, ఎముకతో, సుమారు 25–30 కిలోలు.

ఎముక ఉంచితే కోతలు తక్కువ. పైపొర ఆరి గట్టిపడుతుంది, వృథా తగ్గుతుంది, కొమ్మకు వేలాడదీయడం తేలిక. కానీ తుంటి కీలు దగ్గర వేడి నిలిచిపోతుంది. ఎండ కాస్తే మాంసం అక్కడి నుంచే పాడవుతుంది.

ఎముక తీస్తే నాలుగు కాళ్లకూ కలిపి 10 కిలోలకు పైగా బరువు తగ్గుతుంది, మాంసం త్వరగా చల్లారుతుంది. అయితే ముద్దలా కిందికి జారి నడుమును లాగేస్తుంది. గాలాడే గుడ్డసంచిలో బిగించి, మోత ఫ్రేముకు (వీపున తగిలించుకునే చట్రానికి) భుజాల ఎత్తున కట్టాలి. జంతువు ఆడదో మగదో తెలిపే శరీరభాగం ఒక పెద్ద ముక్కకు సహజంగా అంటుకునే ఉండాలి. అది కొలరాడో చట్టం.

దారి రెండు కిలోమీటర్ల లోపు, రాత్రి చలి గట్టిగా ఉంటే ఎముకతోనే మేలు. అంతకు మించితే తీసేయడమే. ఎలాగైనా వెనక తొడలు ముందు మోయండి, ఒంట్లో సత్తువ ఉండగానే.