2 అడుగుల రీఫ్ నుంచి 4 అడుగుల ట్యాంకుకు: రెండున్నరేళ్ళ వాడకం తర్వాత

రీఫ్ అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. ఈ ట్యాంకు 4×2×2 అడుగులది, 12 మి.మీ. గాజు, హైదరాబాదులో కొలతలిచ్చి చేయించినది. దీనికి ముందున్నది 2×1.5×1.5. పాతదాంట్లో రాళ్ళూ ఇసుకా పోను నికరంగా 100 లీటర్ల నీళ్ళుండేవి, ఇప్పుడు సంపుతో కలిపి 460. (సంపు అంటే వాకిట్లో నేలకింద ఉండేది కాదు, స్టాండు లోపలి ఫిల్టరు తొట్టి.) లోపల ఉన్నవన్నీ మెత్తని పగడాలే: జోవాంథిడ్లు, మష్రూములు, ఒక లెదర్, వాటితో ఒక ఎనిమోన్ (రాయికి పాదంతో అతుక్కునే సముద్రజీవి), క్లౌన్ చేపల జంట. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

తీర్పు ముందే చెప్పేస్తే, మార్చడం మంచిదే అయింది. కానీ పెద్ద ట్యాంకు దానంతటదే నిలకడగా ఉంటుందన్న మాట సగమే నిజం. చిన్న ట్యాంకులో చేసిన తప్పు తెల్లారేసరికి కనిపిస్తుంది. పెద్దదాంట్లో కనిపించడానికి నెల పడుతుంది, పోవడానికి రెండు మూడు నెలలు.

ముందు బరువు సంగతి. నీళ్ళు, గాజు, రాళ్ళు, ఇసుక, స్టాండు కలిపితే 700 కిలోలు దాటుతుంది, అదీ 8 చదరపు అడుగుల మీద. ఇళ్ళ శ్లాబుకు మామూలుగా లెక్కగట్టేది చదరపు మీటరుకు 200 కిలోలు. అందుకే గది మధ్యలో వద్దు. గోడవారగా, కింద బీమున్న చోట పెట్టాలి. అపార్ట్‌మెంటయితే స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఒకసారి చూపించడం మేలు. స్టాండుకు రసమట్టం పెట్టి చూసి, పైన థర్మాకోల్ షీటు పరిచి, ట్యాంకును మామూలు నీళ్ళతో నింపి మూడు రోజులు వదిలేయాలి. కారడమంటూ ఉంటే అప్పుడే కారాలి.

కొత్త నీళ్ళు 400 లీటర్లు కావాలి. 75 గ్యాలన్ల ఆర్‌ఓ మెంబ్రేన్ బూస్టర్ పంపుతో రోజుకు 280 లీటర్ల దాకా ఇస్తుంది, దానికి మూడింతలు డ్రెయిన్‌కు పోతుంది. బోరు నీళ్ళ టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) 800 ఉంటే మెంబ్రేన్ దాటేది 20, 30. దాన్ని సున్నాకు తెచ్చేది డీఐ రెసిన్, అంటే మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు. ఇక్కడి బోరు నీళ్ళకు ఆ రెసిన్ అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది. టీడీఎస్ ఒక్కటే కారణం కాదు, నేలలోంచి వచ్చే నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడు కూడా దాన్ని తినేస్తుంది. లీటరుకు 38 గ్రాముల చొప్పున సాల్ట్ మిక్స్ 15 కిలోలు పట్టింది. ఇసుకా రాళ్ళూ వేయకముందు, ఆ ఒక్కసారికి మాత్రం, ట్యాంకులోనే కలుపుకోవచ్చు. నీళ్ళు తిరుగుతుండగా ఉప్పు కొద్దికొద్దిగా పోయాలి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే గాఢత ఒక్కసారిగా పెరిగి కాల్షియం కార్బొనేటు తెల్లగా అడుగుకు దిగిపోతుంది, ఇక అది కరగదు. ఒక రోజు తిప్పాక సాపేక్ష సాంద్రతను 1.025 దగ్గరికి తేవాలి. రిఫ్రాక్టోమీటరును (ఉప్పదనం కొలిచే పరికరం) సరిచూసుకోవాల్సింది 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతోనే, ఆర్‌ఓ నీళ్ళతో కాదు.

మార్చే రోజు అందరూ చేసే పొరపాటు ముందు చేపల వెంట పడడం. రాళ్ళ సందుల్లో చేప దొరకదు, ఇసుకంతా లేస్తుంది. పైనున్న తేట నీళ్ళు 60 లీటర్లు ముందు డ్రమ్ముల్లోకి తోడాలి. ఆ తర్వాత పగడాలను వాటి రాళ్ళతో సహా టబ్బుల్లోకి తీయాలి. లెదర్‌కు వేరే టబ్బు తప్పనిసరి, కలవరపడితే అది వదిలే రసాయనాలు పక్కవాటికి పడవు. జోవాంథిడ్లలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. గ్లవ్స్‌తో పాటు కళ్ళద్దాలు కూడా పెట్టుకోవాలి. ఆ రాళ్ళ మీద వేడినీళ్ళు పోయడం, గాలిలో పెట్టి బ్రష్‌తో గీకడం ప్రాణం మీదికి తెస్తాయి. ఎనిమోన్‌ను రాయి నుంచి పీకవద్దు. పాదం చినిగితే కుళ్ళి ట్యాంకంతటినీ ముంచుతుంది, కాబట్టి రాయితోనే తరలించాలి. రాళ్ళన్నీ తీశాక నాలుగంగుళాల నీళ్ళు మిగిలినప్పుడు క్లౌన్లు నెట్‌లోకి వాటంతటవే వచ్చినంత సులువుగా వస్తాయి. ప్రతి టబ్బులో ఒక ఎయిర్ స్టోన్ ఉండాలి.

రాళ్ళను పాత ఉప్పునీళ్ళ బకెట్‌లో నాలుగుసార్లు జాడించి నేరుగా కొత్త ట్యాంకులో పెట్టాలి. వ్యర్థాలను శుభ్రం చేసే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది వాటిలోనే, నీళ్ళలో పెద్దగా ఉండదు. పాత నీళ్ళు పోయడం కేవలం ఆల్కలినిటీ (క్షారత) లాంటివి దగ్గరగా ఉండడానికే. పాత ఇసుక మాత్రం వద్దు. దాన్ని కదిలిస్తే నల్లటి పొరలోంచి కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడు, దాంతో పాటు ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి. డబ్బు మిగులుతుందని దాన్నే వాడితే అసలుకే ఎసరు. ఒకటిన్నర అంగుళం మందానికి కొత్త ఆరగొనైట్ ఇసుక 40 కిలోలు పట్టింది, పాతదాని పైపొర నుంచి రెండు గుప్పిళ్ళు చల్లితే చాలు. మొదటి వారం రోజూ అమ్మోనియా (వ్యర్థాల్లోంచి వచ్చే విషం) చూసుకోవాలి. దాంతో పాటు సంపులో యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి.

మూడో వారంలో ఇసుక మీద గోధుమరంగు డయాటమ్ (సూక్ష్మ నాచు) పొర వచ్చింది, దానంతటదే పోయింది. నాలుగో నెలలో వచ్చిన డైనోఫ్లాజెల్లేట్లే (ఇంకో రకం సూక్ష్మజీవులు) అసలు తలనొప్పి. చేపలు అవే రెండు, తిండి అదే, నీళ్ళు నాలుగున్నర రెట్లు, పైగా పెద్ద స్కిమ్మర్ (నురుగుతో నీళ్ళలోని మురికిని లాగేసే పరికరం). నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు పడిపోయాయి, ఇవి తలెత్తింది అందుకే. చీమిడిలా సాగే తీగలు, వాటి కొసల్లో గాలి బుడగలు. రాత్రికి తగ్గి మధ్యాహ్నానికి మళ్ళీ కమ్ముకునేవి. మురికనుకుని నీళ్ళు మారిస్తే ఇంకా పెరుగుతాయి. స్కిమ్మర్‌ను రోజుకు ఆరు గంటలకు తగ్గించి, తిండి పెంచి, నైట్రేటు 5, ఫాస్ఫేటు 0.05 పీపీఎం దగ్గర నిలబెడితే రెండు నెలలకు గానీ వదల్లేదు. మార్చిన మొదటి రోజు నుంచే స్కిమ్మర్‌ను సగం పూటే నడపడం దీనికి విరుగుడు.

లైటు కొత్తదైతే 40 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం పెంచాలి. తొందరపడితే మష్రూములు ముడుచుకుని తెల్లబడతాయి.

ఖర్చు విషయంలో కళ్ళు తెరుచుకునేది నీళ్ళు మార్చేటప్పుడే. పది శాతం అంటే ఒకప్పుడు అర బకెట్, ఇప్పుడు 46 లీటర్లు, 1.75 కిలోల ఉప్పు. వేసవిలో ఫ్యాన్లు తిరిగితే రోజుకు 7, 8 లీటర్లు ఆవిరవుతుంది. ఏటీవో (ఆవిరైన నీళ్ళను దానంతటదే నింపే పరికరం) లేకుండా ఈ సైజు ట్యాంకు పెట్టుకోవద్దు. దానికి 40 లీటర్ల డబ్బా ఉంటే ఐదు రోజులు ఊరెళ్ళొచ్చు.

సంపు కొలత తప్పితే ఇల్లు తడుస్తుంది. ఈ ట్యాంకులో ఒక అంగుళం మట్టమంటే 19 లీటర్లు. రిటర్న్ నాజిల్ (సంపు నుంచి నీళ్ళు ట్యాంకులోకి వచ్చే మూతి) రెండంగుళాల లోతున ఉంటే కరెంటు పోగానే 38 లీటర్లు వెనక్కి దిగుతాయి, పైపుల్లోదీ ఓవర్‌ఫ్లో పెట్టెలోదీ (ట్యాంకు నీళ్ళు సంపుకు దిగే చోటు) అదనం. 3×1.5 అడుగుల సంపులో ఆ 38 లీటర్లే మూడున్నర అంగుళాలకు పైగా లేస్తాయి. 18 అంగుళాల ఎత్తు సంపును తొమ్మిదిన్నర దగ్గర నడపడం అందుకే. నాజిల్ దగ్గర, నీటి మట్టానికి కొంచెం కింద చిన్న రంధ్రం పెడితే గాలి పీల్చుకుని సైఫన్ తెగుతుంది. అయితే ఆ రంధ్రంలో కొన్ని నెలలకే గులాబీరంగు కోరలైన్ నాచు పెరిగి పూడ్చేస్తుంది. నెలకోసారి టూత్‌పిక్‌తో పొడిచి, పంపు ఆపి, సంపులో నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో మార్కర్ గీతతో సరిచూసుకోవాలి.